లిం తాత గంప

గద్వాల
1942, మాఘమాసం

శాంతయ్యకు,

ఇన్నేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకోకు. పోవలసినవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు గాని ఎవరూ పోలేదు. నేనూ ఉన్నాను. రంగూన్ ఓడ దిగిన రోజున ఇక నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. పాతికేళ్ళు నిలబెట్టుకున్నాను. ఇక్కడ ఒక మాట మీద వారం రోజులు నిలబడ్డవాణ్ణి చూడలేదు కాబట్టి, అందులో నాకు కొంత గర్వం కూడా ఉంది.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, రంగూన్ మీద జపానువాళ్ళు బాంబులు వేశారని పత్రికలో చదివాను. చీనావాళ్ళ వీధి, ఏటి ఒడ్డు గోదాములు కాలిపోయాయట. మనం మోసిన బస్తాలు, మనం పడుకున్న మిద్దె, మన చీనా యజమాని లిం తాత తేమ చూసి, గాలి చూసి, ఒక మూల నుంచి మరో మూలకు జరుపుతూ కన్నబిడ్డలా సాకి ముసలిదాన్ని చేసిన తేయాకు, అన్నీ ఒక్క పూటలో బూడిదై ఉంటాయి. ఆయన ముందే పోవడం మంచిదైంది. పత్రికవాడు దాన్ని 'వాణిజ్య నష్టం' అని రాశాడు. వాడికి తేయాకు అంటే మన స్టేషను ముందర బెల్లం వేసి మరిగించే ఎర్రనీళ్ళు.

ఇక ఆయన చేతి తేయాకు ఈ లోకంలో మిగిలింది ఆయన నీకిచ్చిన గంపలోనే. అది నాకు రావలసిన గంప. ఆ సంగతి ఇప్పుడు ఎత్తను.

నాకు దోసెడు పంపు. అక్కడి చీనా మఠంలోని సన్యాసుల కోసం, వాళ్ళు ధ్యానానికి కూర్చునే ముందు తాగడానికి, లిం తాత కలిపే తేయాకు కూర్పును ఇంకొక్కసారి నా చేత్తో కలిపి తాగాలి. తాగి, మెడలోని లింగం అరచేతిలో పెట్టుకుని కదలకుండా కాసేపు కూర్చోవాలి. అంతకు మించి నాకిప్పుడు కోరికలు లేవు. కడుపులో ఎప్పుడూ మంట. లింగపూజకు కూర్చుంటే తల ముందుకు వాలిపోతున్నది. ఇక్కడి వైద్యుడిచ్చిన చూర్ణం తింటే మంట గొంతు దాకా వచ్చింది. దానికి కూడా ఆయన ఒక శ్లోకం చదివాడు.

నువ్వు పంపకపోతే ఆశ్చర్యపోను.

నాగప్ప


కోడేరు, నాగర్‌కర్నూలు తాలూకా
ఫాల్గుణమాసం

నాగప్పన్నకు శరణు శరణార్థి.

నీ ఉత్తరం లలితమ్మ చదివి వినిపించింది. లలితమ్మ నా కోడలు, వనపర్తి పిల్ల, బడికి పోయిన మనిషి. నా కళ్ళకు ఇప్పుడు అక్షరాలు చీమల్లాగా కదులుతాయి. రాయడం చేతి అలవాటు కాబట్టి ఇది నేనే రాస్తున్నాను, వంకరలు క్షమించు. చదవడం అయిపోయాక "ఎవరు మామా ఈయన? అడుగుతుండా, తిడుతుండా?" అన్నది. "రెండూ ఒక్కతీరుగనే చేస్తడు బిడ్డా, చిన్నప్పటి సంది గంతే" అన్నాను.

అన్నా, నువ్వు గోదాము కాలిందని రాస్తే అన్నం తినబుద్ధి కాలేదు. కరువులో మనిద్దరం ఊళ్ళు విడిచింది గుర్తుందా? ఇటిక్యాల దాటేదాకా ఏడ్చింది నువ్వు. కాకినాడలో ఓడను చూసి ఏడ్చింది నేను. ఇక్కడ వాన చుక్క కోసం ఆకాశం చూసినవాళ్ళం, అక్కడ ఆరు నెలలు ఆగని వానలో పడ్డాం. "గిన్ని నీళ్ళు మా పొలాల మీద పడితే మేం గీడికి ఎందుకు వస్తుంటిమి" అని నేనంటే, లిం తాతకు నువ్వు బర్మా మాటలో చెప్పావు. ఆయన నవ్వి, ఈ వాన లేకపోతే నా తేయాకు ముసలిది కాదు, పడుచుగానే ఎండి చస్తుంది అన్నాడు.

గంప అటక మీద ఉండేది. దించి ఎక్కడ పెట్టారో లలితమ్మను అడిగి తప్పకుండా పంపుతాను. నాది కూడా ఒక కోరిక. ఆ కూర్పు ఎట్లా కలపాలో రాసి పంపు. ఏది ఎంత, ఏది ముందు, ఏది తర్వాత. నేనూ ఒకసారి తాగాలి. ఎందుకని అడగకు.

నీ కడుపుమంటకు మజ్జిగ తాగుతుండు. శ్లోకం చదవని మజ్జిగ.

తమ్ముడు
శాంతయ్య


గద్వాల
ఫాల్గుణ బహుళం

శాంతయ్యకు,

ఏది ఎంత అని అడుగుతున్నావా? నా పక్కన అన్నేళ్ళు నిలబడి, ఇప్పుడు వంటలక్కను పులుసుకు చింతపండు ఎంత అని అడిగినట్టు అడుగుతున్నావా?

అందులో కొలత లేదు. ఉంటే చీనావాళ్ళ వీధిలో ప్రతి కోమటీ కలిపేవాడు. ఒత్తి ఎండబెట్టిన నల్ల తేయాకు బిళ్ళను విరిచి అరచేతిలో వెచ్చబెట్టి వాసన చూడాలి. వాన తడిసిన మట్టి వాసన వస్తే అది సిద్ధమైంది. గంపలో విడిగా దాచిన తేయాకులో పోకచెక్క వాసన వెతకాలి. అది ఆ యేడు ఎంత మేలుకుని ఉందో, ఎంత నిద్రపోతున్నదో చూసి బిళ్ళలో కలపాలి. చివర నారింజతొక్క, నల్లబడేదాకా దాచినది. అది ఎక్కువైతే పెళ్ళివిందు పానకం, తక్కువైతే చావింటి కషాయం.

అది కాచాక లిం తాత ఏం చేసేవాడో మరిచిపోయావా? నాకు ఒక గిన్నె తాగించి, లింగం పట్టుకుని కూర్చోమనేవాడు. కాసేపయ్యాక నా చేయి తెరిచి చూసేవాడు. అరచేయి చెమర్చితే కూర్పు గట్టిదైంది, గుండెను తరుముతున్నది. తల వాలితే పలచనైంది. చేయి పొడిగా ఉండి కళ్ళు మేలుకుని ఉంటే అప్పుడు మఠానికి పంపేవాడు. మన శివుణ్ణి ఆయన తేయాకు తూచే తక్కెడ చేశాడని నువ్వు నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు. పూజకు ముందు ఏదీ తాగకూడదన్నావు. నాకు బాగా గుర్తుంది. నాకు అన్నీ గుర్తుంటాయి. అదే నా జబ్బు.

నీకు చెప్పినా లాభం లేదు. నీ నాలుక సంగతి నాకు తెలుసు. బస్తా కుట్టే ముందు చిటికెడు నోట్లో వేసుకుని 'బాగుంది' అనేవాడివి. మేలురకమైనా బాగుంది, బూజు పట్టినా బాగుంది. ఆ నాలుక ఉన్నవాడికి గంప దక్కింది. ఆ పని తెలిసినవాడు డోలీలో పడుకుని, నీ నెత్తిన గంప ఓడ ఎక్కుతుంటే చూశాడు. నేను ఎత్తనన్న సంగతి ఇదే. ఎత్తాను.

పంపేదుంటే పంపు. బేరం వద్దు.

నాగప్ప


కోడేరు
1942, చైత్రమాసం

నాగప్పన్నకు శరణు శరణార్థి.

దోసెడు కాదు, ఉన్నదంతా పంపుతున్నాను. ఎడ్లబేరాలకు మీ గద్వాల దగ్గరి గట్టు సంతకు పోయే పెంటయ్య మూట తెచ్చి నీ చేతికే ఇస్తాడు. మా ఇంట్లో దాన్ని గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ లేరు. నీ దగ్గరుండడమే న్యాయం.

ఒక్క మాట. నువ్వు డోలీలో ఉన్నావని నువ్వే రాశావు. ఎందుకున్నావో రాయలేదు. చలిజ్వరంతో నీకు ఒళ్ళు తెలియదు. నిన్ను నలుగురు మోస్తున్నారు. అప్పుడు లిం తాత గంప ఎవరికిస్తాడన్నా? నీ నెత్తిన పెడతాడా? "ఇద్దరిదీ" అని నా నెత్తిన పెట్టాడు. ఓడలో నీకు చెప్పాను, నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావు. ఊరికి వచ్చాక ఇటిక్యాల మనిషితో సగం తీసుకుపొమ్మని కబురు పంపాను. "నేను బిచ్చమెత్తను పో" అన్నావట. అది విన్నాక నేను ఆ గంప మూత తీయలేదు. నువ్వు లేకుండా తాగడం నాకూ చేతకాలేదు.

కూర్పు రాయకపోయినా సరే. నువ్వే కలిపి, నాకు కొంచెం పంపు.

శాంతయ్య


గద్వాల
చైత్ర బహుళం

ఓరి శాంతయ్యా,

నువ్వు పంపింది ఏమిటి?

పెంటయ్య మూట అరుగు మీద పెట్టగానే పుల్లటి వాసన కొట్టింది. "ఏందిరా ఇది, చింతపండా?" అన్నాను. "నాకేం తెల్వది సామీ. తొవ్వ పొడుగునా ఎడ్లు మూటను నాకినయి. శానా ఇష్టపడ్డయి" అన్నాడు. ఎడ్లు ఇష్టపడ్డాయి. లిం తాత నలభై ఏళ్ళ శ్రమను మెచ్చుకోవడానికి చివరికి ఎడ్లు దొరికాయి.

విప్పి చూశాను. బిళ్ళలూ విడి తేయాకూ కలిపి చిదిమి, నల్ల ముద్ద చేసి, మధ్య మధ్య రాళ్ళుప్పు చల్లి ఉంది. నోట్లో వేసుకుంటే సముద్రం. తేయాకును ఊరబెట్టిన బుద్ధిమంతులు ఎవరు మీ ఇంట్లో? పాతికేళ్ళు మూత తీయలేదని నీతులు రాశావే, అంతకంటే ఆ గంపను కృష్ణలో కలిపి ఉంటే నయం. ఈ ఊళ్ళో నాకు తేయాకు గురించి ఏమీ తెలియదని ఎగతాళి చేసినవాళ్ళందరి తప్పులూ ఈ క్షణాన మాఫీ చేస్తున్నాను. వాళ్ళెవరూ నీ అంత చేయలేదు.

ఇంత దాకా రాసి కలం కింద పెట్టాను. మళ్ళీ తీశాను.

శాంతయ్యా, నువ్వు మూట కుట్టే ముందు చిటికెడు నోట్లో వేసుకోకుండా ఉండవు. చచ్చినా ఉండవు. అది నీ చేతి అలవాటు. నీ నాలుకను నేను ఎంత తిట్టినా, ఒకసారి దళారి బస్తా అడుగున రంపపుపొట్టు కలిపితే పట్టుకున్నది నువ్వే. నేను కాదు. ఆ రోజు లిం తాత నీకు గిన్నె తన చేత్తో అందించాడు. నాకది నచ్చలేదు కాబట్టి గుర్తుంది.

అటువంటివాడు ఇంత ఉప్పు నోట్లో వేసుకుని నాకు పంపాడా? ఎగతాళికి పంపే మనిషివి కావు. నీకు ఆ తెలివి లేదు.

నీకు రుచి ఎప్పుడు పోయింది?

నాగప్ప


కోడేరు
వైశాఖమాసం

నాగప్పన్నకు శరణు.

నీ ఉత్తరం లలితమ్మే చదివింది. చివరి మాట దగ్గర ఆగిపోయింది. నేను ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి, ఆమె నోటితోనే నాకు వినిపించింది.

పోయిన యేడు ముందటి యేడు జ్వరం వచ్చి పదిహేను రోజులు లేవలేదు. లేచాక వాసన లేదు, రుచి లేదు. నాగర్‌కర్నూలు దవాఖానలో చూపించుకున్నాను. వస్తే వస్తది, లేకుంటే లేదన్నారు. అన్నం తింటే తడి ఇసుక. మామిడిపండు తింటే తడి ఇసుక. కోడలు పొద్దస్తమానం పొయ్యి దగ్గర కష్టపడే మనిషి, ఆమెకు ఎట్లా చెప్పను? "ఉప్పు సరిపోయిందా మామా?" అని రోజూ అడుగుతుంది. "సరిపోయింది బిడ్డా" అని రోజూ అన్నాను.

నీ ఉత్తరం పక్కన పెట్టి ఆమె అడిగింది: "మొన్న పప్పుల ఉప్పెయ్య మర్చిన. మీరు శానా బాగున్నదన్నరు. నన్ను నవ్వులాటకు పట్టించినరా, లేక నా మీద జాలిపడ్డరా?" రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. కోపం కాదన్నా, ఆమెకు నొప్పి కలిగింది.

తర్వాత తేయాకు సంగతి తనే చెప్పింది. నేను జ్వరంతో పడుకున్న ఆ వానల్లో అటక కారి గంప తడిసిందట. నల్లగా, జిగటగా, ముద్దలు ముద్దలుగా ఉంటే, ఇదేదో మామ పాణం లెక్క దాచుకున్న వస్తువు, ఖరాబు కానియ్యొద్దు అనుకున్నదట. "పాత చింతపండును గిట్లనే కదా పెడతం. ఎండకు పోసిన, ఉప్పేసి జాడీల గట్టిగ ఒత్తి పెట్టిన. మంచిగనే చేసిన అనుకున్న" అన్నది. ఆ జాడీ చింతపండు జాడీ. అన్నా, ఆమెను తిట్టకు. తనకు తెలిసిన శ్రద్ధ అంతా చూపించింది. ఆమె తీసి గుడ్డలో పోస్తే నా కళ్ళకు నలుపు ఒక్కటే కనబడింది, మూట కట్టేటప్పుడు చిటికెడు నోట్లో వేసుకున్నాను. నీకు తెలిసిందే. నాకు ఇసుకే తగిలింది.

నేను కూర్పు ఎందుకు అడిగానో ఇప్పుడు చెబుతాను. ఏ తిండితోనూ రానిది దానితో వస్తుందేమోనని. గోదాము వాసన ఒక్కటి మళ్ళీ తగిలితే చాలనుకున్నాను. అదీ పోయింది. నీ కోరికను కూడా నేనే పాడుచేశాను.

శాంతయ్య


గద్వాల
ఆషాఢమాసం

చిరంజీవి శాంతయ్యకు,

కోడలికి నా ఆశీస్సులు చెప్పు. ముందటి ఉత్తరంలో 'బుద్ధిమంతులు' అన్నాను. ఆ మాట కొట్టివేస్తున్నాను. చీనాలోని యున్నాన్ కొండల నుంచి కంచరగాడిదలు తోలుకొచ్చే మనుషులు లిం తాత ముంగిట కూర్చుని, చాయ్‌లో ఉప్పు వేసుకునే తాగేవారు. ఆ రుచి వాళ్ళది. లలితమ్మ తప్పేమీ లేదు.

ఏం పోలేదు. ముద్దను విడదీసి, సలసల కాగే నీళ్ళు పోసి వెంటనే వంచేశాను. మళ్ళీ మళ్ళీ చేశాను. ఉతికిన ధోవతి మీద నీడలో ఆరబోసి, కొత్త కుండలో నిద్రపుచ్చి, ఇన్నాళ్ళు ముట్టుకోలేదు. ఉప్పు పూర్తిగా పోయింది. పులుపు పోయింది. నారింజతొక్క ఎక్కడిదంటావా? నా దగ్గర ఉంది. ఊరికి వచ్చిన యేటి నుంచి ఏటేటా కొంత ఎండబెట్టి దాస్తున్నాను. పాతవి బొగ్గులాగా నల్లబడ్డాయి. గంప నా దగ్గర లేదు, తొక్కలు మాత్రం దాచాను. ఎందుకు దాచావని అడగకు. నువ్వూ అడగొద్దన్నావుగా.

కూర్పు కలిపాను. పెంటయ్య చేతికి పొట్లం ఇస్తున్నాను, ఎడ్లకు దూరంగా పట్టుకొమ్మని చెప్పాను. పొద్దున, పూజకు ముందు కాచు. ముందు అని రాశాను, వాదించకు. కింద రాసింది లలితమ్మ చదువుతుంటే తాగు. అమ్మా లలితా, గీత గీసిన దగ్గర ఆగు, మామ గుక్క మింగేదాకా చదవకు.

మొదటి గుక్క. మట్టి. మన ఎర్రమట్టి కాదు, వానాకాలం రంగూన్‌లో గోదాము తలుపు తెరవగానే కొట్టే నల్లని తడి. నువ్వు ముందు పోయేవాడివి, దీపం పట్టుకుని. ఎలుకలంటే నాకు భయమని నువ్వు ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పకు.
———
రెండో గుక్క. నాలుక పక్కన పోకచెక్క. వక్క కొరికి కాసేపు దవడకు పెట్టుకున్నట్టు. ఏటి మీద పడవవాళ్ళ కేకలు, కింద చీనా పిల్లల పాఠం. నువ్వు సంచి కుడుతూ పొలంగట్టు పాట ఏదో పాడుతున్నావు, శ్రుతి లేదు. నేను నోరు మూయమన్నాను. తప్పు. పాడనివ్వవలసింది.
———
మూడో గుక్క. నారింజ, దూరం నుంచి. ఎవరో పక్క గదిలో ఒలుస్తున్నట్టు. లిం తాత బోసినోరు. నా చేయి తెరిచి చూసి నీ వైపు తలూపాడు. డోలీలో పడుకున్నవాడికి ఆకాశమే కనబడుతుంది. నెత్తిన బరువు మోసేవాడి మొహం కనబడదు. నేను చూడలేదు శాంతయ్యా.
———
ఇక లింగం చేతిలో పెట్టుకుని కూర్చో.

నాగప్ప


కోడేరు
శ్రావణమాసం

నాగప్పన్నకు శరణు శరణార్థి.

నువ్వు రాసినట్టే చేశాము. సోమవారం పొద్దున, వాన తెరిపి ఇచ్చాక. లలితమ్మ చాయ్ కాచి నా ముందు పెట్టి, నీ ఉత్తరం పట్టుకుని గడప మీద కూర్చుంది. గీత దగ్గర ఆగి, నా గొంతు వైపు చూసి, మళ్ళీ చదివింది. ఎలుకల దగ్గర నవ్వింది. మూడో గుక్క రెండుసార్లు చదివింది.

అన్నా, నిజం రాయాలి. నాలుకకు ఏమీ తగల్లేదు. వేడి తగిలింది, అంతే. "అన్నీ వచ్చినయా మామా?" అన్నది. ఈసారి అబద్ధం చెప్పలేదు. "ఏమీ రాలేదు బిడ్డా, వేడి తప్ప" అన్నాను. అన్నాక తేలికైంది.

గిన్నెలో మిగిలింది "నేను సూస్త" అని ఆమె తాగింది. మొహం అదో మాదిరి పెట్టింది. "మామా, గాయన ఉప్పు పోయిందని రాసిండు గద. గిది ఉప్పగనే ఉన్నది. జర పులుపు సుత ఉన్నది."

నువ్వు, అన్నా. దళారి మొహం మీద బూజు తేయాకు విసిరికొట్టినవాడివి. లిం తాత కూర్పు పలచనైతే ఆయన ముందరే అన్నవాడివి. నాలుక మీద తగిలింది తగిలినట్టు చెప్పి ఊరందరికీ చేదైనవాడివి. నువ్వు ఉప్పు లేదని రాశావు. లలితమ్మ కోసం, నా కోసం.

నేను లింగం పట్టుకుని కూర్చున్నాను. పూజకు ముందు తాగి కూర్చోవడం నా బతుకులో ఇదే మొదలు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచేసరికి పెరట్లో ఎండ తిరిగింది. లలితమ్మ వచ్చి నా చేయి తెరిచి చూసింది. నువ్వు ఫాల్గుణంలో రాసిన ముచ్చట ఆమెకు గుర్తుందట. పొడిగా ఉన్నది అన్నా. కునుకు రాలేదు, గుండె కొట్టుకోలేదు. ఉప్పుతోనే నువ్వు సరిగ్గా కలిపావు.

కూర్పు సగం నీ దగ్గరే ఉంది కదా, పట్టుకుని రా. రైలెక్కి వనపర్తి రోడ్డు స్టేషనులో దిగితే బండి పంపుతాను. వనపర్తిలో లలితమ్మ పుట్టింట్లో ఒక రోజు ఆగి రావచ్చు. నువ్వు తాగుతూ ఎట్లున్నదో చెప్పు, నేను వింటాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు.

శాంతయ్య


గద్వాల
శ్రావణ బహుళం
(కార్డు)

శాంతయ్యకు,

ఉప్పు ఉంది. నేను తాగి కూర్చుంటే నా చేయి చెమర్చింది, కూర్పు వల్ల కాదు. ఉప్పు పోయిందన్న ఆ ఉత్తరం అప్పటికే నీకు రాసి ఉన్నాను.

గురువారం బండికి వస్తున్నాను. స్టేషనుకు నువ్వు రాకు, వానలో తడుస్తావు. వస్తే గొడుగు రెండు తే.

లలితమ్మను పప్పులో ఉప్పు వేయమను. ఎంత పడిందో నేను చెబుతాను.

నాగప్ప